అమ్మితేనే కమీషన్ అంటున్నారు: పాప్-అప్ నెట్‌వర్క్‌లో యాడ్స్ వేయొచ్చా?

లెక్కలపంతులు:

నమస్కారం అందరికీ. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే సైటు నడుపుతున్నాను. పాఠాలు నేను చెబుతాను, వీడియోలూ సైటూ మా తమ్ముడు చూసుకుంటాడు. నాలుగేళ్లయింది. ఇన్నాళ్లూ యాడ్స్ జోలికి పోలేదు. ఒక పిల్లాడికి భిన్నాలు అర్థమైతే వాళ్లమ్మ ఇంకో అమ్మకు చెబుతుంది, అలాగే పెరిగాం.

మూడు వారాల కిందట ఒక యాడ్ ఏజెంట్ ఫోన్ చేశారు. మర్యాదగానే మాట్లాడారు. "చూసినందుకు డబ్బు వద్దు, క్లిక్కుకు వద్దు. మా లింకు ద్వారా వచ్చినవాళ్లు కోర్సు కొంటేనే కమీషన్ ఇవ్వండి. మీకు పోయేదేముంది సార్?" అన్నారు. యాడ్ ఎక్కడ కనిపిస్తుందండీ అంటే "మా పార్ట్‌నర్ల ఇన్వెంటరీలో" అన్నారు. గుచ్చి గుచ్చి అడిగితే, జనం ఇష్టపడి వేసుకున్న ఉచిత సాఫ్ట్‌వేర్ల ద్వారా, కొత్త విండోలో తెరుచుకుంటుందని తేలింది. పాప్-అప్ అన్నమాట.

పది రోజులు ట్రయల్ వేశాం. వాళ్ల డ్యాష్‌బోర్డు 41 అమ్మకాలు చూపించింది. నాకు చాలా సంతోషమేసింది. తమ్ముడు మాత్రం మా సొంత లెక్క తీసి ముందు పెట్టాడు. మొత్తం అమ్మకాలు అంతకుముందు పది రోజుల కంటే పెరిగింది రెండంటే రెండు. నేను లెక్కల మాస్టర్ని, ఈ లెక్క మాత్రం నాకు తేలడం లేదు. వాళ్లు 41 తెస్తే మాకు 2 పెరగడమేంటి?

ఇంకో విషయం ఉంది, అసలు నిద్ర పట్టనివ్వనిది అదే. మా దగ్గర చదివే ఒక బాబు వాళ్లమ్మ మెయిల్ పంపారు. బాబు కంప్యూటర్‌లో ఏదో గేమ్ ఆడుతుంటే వరసగా మూడు విండోలు తెరుచుకున్నాయట. ఒకటి జూదం యాడ్. ఒకటి పిల్లలు చూడకూడనిది. మూడోది మాది. "మీరు కూడా ఇలాంటివాళ్లేనా మాస్టారూ?" అని ఒకే వాక్యం రాసి, తెర ఫోటో జత చేశారు. ఆ ఫోటోలో నా ముఖం ఉంది, చేతిలో సుద్దముక్క ఉంది. వెనక సగం కనబడుతున్న విండోలో ఏముందో ఇక్కడ రాయలేను. ఆమెకు ఇంకా జవాబివ్వలేదు, ఏం రాయాలో తోచలేదు.

ఏజెంట్‌ని అడిగితే "ఒక పబ్లిషర్ పొరపాటు సార్, తీసేశాం" అని, అదే మెయిల్‌లో ఏడాది ఒప్పందం పంపారు. (పబ్లిషర్ అంటే వాళ్ల యాడ్స్ చూపించే సైటో సాఫ్ట్‌వేరో అన్నమాట.) సంతకం పెట్టాలా వద్దా? అమ్మకం జరిగితేనే డబ్బిచ్చే పద్ధతిలో నాకు నష్టం ఎక్కడుంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి.


పాతకాపు:

మాస్టారూ, ముందు ఆ తల్లికి జవాబు రాయండి. ఒప్పందం సంగతి రేపు చూసుకోవచ్చు, ఆ మెయిల్ మాత్రం ఇవాళే వెళ్లాలి. ట్రయల్ ఇంకా నడుస్తుంటే ఇప్పుడే ఆపేయండి, ఆపేశామని ఆమెకు చెప్పండి. జరిగింది ఉన్నదున్నట్టు రాయండి చాలు.

నేను చాలా ఏళ్లుగా అఫిలియేట్ ప్రోగ్రాములు చూసే పనిలో ఉన్నాను. ఎవరి లింకు ద్వారా ఎన్ని అమ్మకాలు వచ్చాయో లెక్క చూసి కమీషన్లు పాస్ చేసే పని. మీకు తేలడం లేదన్న లెక్క నాకు బాగా తెలిసిన లెక్కే. ఆ 41 మందిలో చాలామందిని వాళ్లు తేలేదు. వాళ్లంతా మీ దగ్గరికి వస్తున్నవాళ్లే.

ఈ పనిలో కొత్తగా చేరినప్పుడు మా కంపెనీకి ఒక అఫిలియేట్ ఉండేవాడు. నెలనెలా అందరికంటే ఎక్కువ అమ్మకాలు అతనివే. మీటింగుల్లో మా మేనేజర్ అతన్నే ఉదాహరణగా చూపించేవారు. ఒక ఆదివారం మా పిన్ని వాళ్లింట్లో, ఆమెకేదో కొనిపెడదామని ఆమె కంప్యూటర్‌లో మా కంపెనీ సైటు తెరిచాను. పేజీ వచ్చింది. రెండు సెకన్లు గడిచాయో లేదో దాని వెనకాల ఇంకో విండో తెరుచుకుంది. టాస్క్‌బార్ వంక చూశాను కాబట్టి తెలిసింది, లేకపోతే తెలిసేదే కాదు. పైకి తెచ్చి చూస్తే అది కూడా మా సైటే, అదే మొదటి పేజీ. అడ్రసు చివర మాత్రం ఒక కోడ్ తగిలించి ఉంది. ఆ కోడ్ నాకు కంఠతా వచ్చు. నెలనెలా నా చేత్తో కమీషన్ పాస్ చేస్తున్న ఆ అఫిలియేట్‌దే.

పిన్ని ఎప్పుడో ఒక ఉచిత స్క్రీన్‌సేవర్ వేసుకుంది. దానితోపాటు యాడ్‌వేర్, అంటే యాడ్స్ చూపించడానికే కంప్యూటర్‌లో దూరే సాఫ్ట్‌వేర్, దిగింది. ఆమె ఏ సైటుకు వెళ్తోందో అది కాపు కాసి చూస్తుంటుంది. మా సైటు పేరు కనబడగానే అదే సైటును అఫిలియేట్ లింకుతో వెనకాల మళ్లీ తెరిచింది. బ్రౌజర్‌లో కుకీ, అంటే ఎవరి లింకు ద్వారా వచ్చారో గుర్తుపెట్టుకునే చీటీ, పడిపోయింది. ఆపైన పిన్ని ఏం కొన్నా అతనే తీసుకొచ్చినట్టు మా సిస్టమ్ రాసుకుంటుంది. మా పనిలో దీన్ని ఫోర్స్‌డ్ క్లిక్ అంటారు. పిన్ని దేన్నీ క్లిక్ చేయలేదు. మీ గుమ్మంలో కాలు పెట్టబోతున్న మనిషి వీపు మీద చీటీ అంటించి, "ఈయన్ని నేనే తెచ్చాను, నా వాటా ఇవ్వండి" అని అడగడం లాంటిదిది.

"అమ్మితేనే కమీషన్" అన్న మాట మీకు రక్షణలా వినిపించింది. ఇలాంటి నెట్‌వర్క్‌ల విషయంలో జరిగేది వేరు. చూపులకు డబ్బిస్తే నకిలీ చూపులు పుడతాయి. క్లిక్కులకు ఇస్తే నకిలీ క్లిక్కులు పుడతాయి. అమ్మకానికి ఇస్తే ఎలాగూ కొనబోతున్నవాళ్ల మీద చీటీ అంటించడం వాళ్లకు అన్నిటికంటే తేలిక. కొత్త మనిషిని ఒప్పించి తేవడం కష్టం కదా. పైగా డ్యాష్‌బోర్డులో అంకెలు ఎంత బాగుంటే మీరు అంత సంబరపడి వాటా పెంచుతారు. మేమూ అదే చేశాం, ఏడాదిన్నర పాటు.

అనుమానం తీర్చుకోవడానికి మీ తమ్ముడికి ఒక పని చెప్పండి. ఆ 41 అమ్మకాల తాలూకు సర్వర్ లాగ్, అంటే సైటుకు ఎవరు ఎప్పుడు వచ్చి ఏ పేజీ తెరిచారో నమోదయ్యే చిట్టా, తీయమనండి. ప్రతి ఒక్కరి విషయంలో ఒకటే చూడాలి: ఏజెంట్ కోడ్ ఉన్న అడ్రసు మొదటిసారి కనబడక ముందే ఆ మనిషి సైటులో తిరుగుతున్నాడా? ఫీజుల పేజీ చూస్తున్న మనిషి రెండు సెకన్ల తర్వాత మళ్లీ మొదటి పేజీకి, అదీ ఏజెంట్ కోడ్‌తో వచ్చాడంటే వచ్చింది మనిషి కాదు, యాడ్‌వేర్.

ఇక రెండో సంగతి, ఆ మెయిల్. ఏజెంట్ "పబ్లిషర్ పొరపాటు" అన్నాడు కదా, ఆ మాటే ఈ వ్యాపారంలో అందరికీ గొడుగు. మీరిచ్చే డబ్బు నెట్‌వర్క్‌కు వెళ్తుంది, అక్కడినుంచి ఇంకో చిన్న నెట్‌వర్క్‌కు, అక్కడినుంచి మరొకరికి, చివరికి ఆ బాబు కంప్యూటర్‌లో కూర్చున్న సాఫ్ట్‌వేర్ వాళ్లకు. మధ్యలో ఎవరిని అడిగినా పక్కవాణ్ని చూపిస్తారు. ప్రకటన ఇచ్చిన కంపెనీలు కూడా చాలాకాలం "మాకు తెలియదు" అనే అన్నాయి. అమెరికాలో 2007 జనవరిలో ఆ మాట చెల్లలేదు. న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం ప్రైస్‌లైన్, ట్రావెలాసిటీ అనే ప్రయాణాల బుకింగ్ సైట్లను, సింగ్యులర్ వైర్‌లెస్ అనే ఫోన్ కంపెనీని పట్టుకుంది. యాడ్‌వేర్ తయారుచేసింది వీళ్లు కాదు. డైరెక్ట్ రెవెన్యూ అనే సంస్థ యాడ్‌వేర్‌లో వీళ్ల ప్రకటనలు వచ్చాయి, అంతే. ప్రైస్‌లైన్, సింగ్యులర్ చెరో 35,000 డాలర్లు, ట్రావెలాసిటీ 30,000 డాలర్లు కట్టాయి. అంత పెద్ద కంపెనీలకు అది లెక్కలోకి వచ్చే డబ్బు కాదు. కానీ ఒప్పందంలో రాయించుకున్న షరతు పెద్దది. ఎవరితోనైనా ప్రకటనల ఒప్పందం చేసుకునే ముందు, ఆ తర్వాత మూడు నెలలకోసారి, తమ ప్రకటనలు జనం తెర మీదికి ఏ దారిలో చేరుతున్నాయో స్వయంగా చూసుకోవాలి. ఆ రోజుల్లో మా ఆఫీసులో ఆ వార్త ప్రింటు తీసి గోడకు అంటించారు. అప్పటిదాకా "అది నెట్‌వర్క్ చూసుకుంటుంది" అనుకున్న పనులన్నీ నా బల్ల మీదికొచ్చాయి.

పాప్-అప్ పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి, మీ విషయానికి దగ్గరగా ఉంది కాబట్టి. 1990ల్లో ట్రైపాడ్ అనే సైటులో పనిచేసిన ఈథన్ జుకర్‌మన్ పాప్-అప్ యాడ్ కోడ్ రాశాడు. ఒక కార్ల కంపెనీ తమ ప్రకటన అశ్లీలమైన పేజీ మీద పడిందని గొడవ చేస్తే, ప్రకటనను ఆ పేజీలో కాకుండా వేరే విండోలో చూపిస్తే కంపెనీ పేరు ఆ పేజీతో కలవదని అనుకున్నారు. 2014లో ఆయనే క్షమించమని బహిరంగంగా రాశాడు. కంపెనీ పేరును చెడ్డ పేజీకి దూరంగా ఉంచడానికి పుట్టిన విండో ఇవాళ మీ ముఖాన్ని తీసుకెళ్లి ఎక్కడ పెట్టిందో చూశారు కదా.

ఒప్పందం కాగితంలో ఒకటి వెతకండి. "సబ్-పబ్లిషర్లు" అన్న మాట తప్పకుండా ఉంటుంది, అంటే నెట్‌వర్క్ కింద యాడ్స్ చూపించే చిన్న చిన్నవాళ్లు. వాళ్ల పేర్లు ముందే రాసివ్వాలని, టూల్‌బార్, ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాము), ఇన్‌స్టాల్ అయ్యే ఏ సాఫ్ట్‌వేర్ ద్వారా అయినా ప్రకటన చూపిస్తే కమీషన్ ఇచ్చేది లేదని, డబ్బు 60 రోజుల తర్వాతే ఇస్తామని మూడు షరతులు రాసి పంపండి. ఒప్పుకోరు. అయినా పంపండి, వాళ్ల జవాబు చూస్తే మీకే అర్థమవుతుంది.


స్క్రూడ్రైవర్:

పంతులు గారూ, నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. మీ యాడ్ వెళ్లి చేరిన మెషిన్లు రోజూ నా బల్ల మీదే ఉంటాయి, అటువైపు ఎలా ఉంటుందో చెబుతాను.

"ఇష్టపడి వేసుకున్న సాఫ్ట్‌వేర్" అని ఏజెంట్ అన్నాడు కదా. ఎలా వేసుకుంటారంటే, పిల్లాడికి వీడియో డౌన్‌లోడ్ చేసే ప్రోగ్రామో, గేమ్ చీట్ ఏదో కావాలి. సెర్చ్‌లో దొరికిన మొదటి సైటులో పెద్ద పచ్చ బటన్ ఉంటుంది, అది నొక్కుతాడు. ఇన్‌స్టాలర్‌లో రెండు దారులుంటాయి. "రికమెండెడ్" అన్నది ముందే ఎంచి ఉంటుంది. "కస్టమ్" అన్నది బూడిదరంగులో, అసలు నొక్కడానికి పనికిరానట్టు కనిపిస్తుంది. కస్టమ్ నొక్కినవాడికే లోపల ముందే టిక్ పెట్టిన మూడు నాలుగు ప్రోగ్రాములు కనిపిస్తాయి. మామూలుగా అందరూ నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేస్తారు. దాన్నే వాళ్లు అనుమతి అంటారు. ఈమధ్య ఇంకో దారి ఎక్కువైంది. "మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి" అని వస్తుంది. నిజానికి అక్కడ నొక్కేది నోటిఫికేషన్లకు అనుమతి. ఇక బ్రౌజర్ తెరిచి ఉన్నంతసేపూ కింద మూలలో యాడ్స్ దిగుతూనే ఉంటాయి, "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు" అనే అబద్ధపు హెచ్చరికలతో సహా.

తీయడం కూడా అంత తేలిక కాదు. ఎక్స్‌టెన్షన్ తొలగిద్దామని వెళ్తే ఆ బటనే ఉండదు, బ్రౌజర్‌ను "మీ సంస్థ నిర్వహిస్తోంది" అని ఉంటుంది. ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కు సంస్థ ఎక్కడిది? యాడ్‌వేరే విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఆ పాలసీ రాసి పెట్టుకుంటుంది. కొన్ని ఇంతకంటే లోతుకు వెళ్తాయి. లెనోవో కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే యాడ్‌వేర్‌ను ముందే వేసి అమ్మిందని 2015 ఫిబ్రవరిలో బయటపడింది. తాళం గుర్తున్న సురక్షిత పేజీల్లోకి కూడా యాడ్స్ చొప్పించడానికి అది తన సొంత రూట్ సర్టిఫికెట్, అంటే ఏ సైటు నిజమైనదో కంప్యూటర్‌కు చెప్పే ముద్ర, పెట్టుకుంది. ఆ మెషిన్లన్నిటికీ ఒకే తాళంచెవి. ఆ తాళంచెవి బయటికి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. అంటే ఎవరైనా దాంతో నకిలీ బ్యాంకు పేజీ తయారుచేస్తే ఆ ల్యాప్‌టాప్ నిజమైనదేనని నమ్ముతుంది. యాడ్ చూపించడానికి తీసిన తలుపులోంచి దొంగ కూడా వస్తాడు.

నా దగ్గరికి మెషిన్ తెచ్చేవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ పేరూ చెప్పలేరు. తెర మీద ఏ యాడ్ కనబడుతోందో ఆ పేరే చెబుతారు. "ఫలానావాళ్ల వైరస్ వచ్చిందండీ, తీసేయండి" అంటారు. ఆ ఫలానా చోట మీ పేరు పెట్టి చదువుకోండి. సంతకం సంగతి తేలిపోతుంది.

ఆ బాబు వాళ్లమ్మకు నా తరఫున ఇది రాయండి: ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల జాబితాను తేదీ వరసలో పెట్టి, విండోలు తెరుచుకోవడం మొదలైన రోజున ఏం చేరిందో చూడాలి. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు, నోటిఫికేషన్లకు అనుమతించిన సైట్ల జాబితా, రెండూ చూసి తెలియనివన్నీ తీసేయాలి. ఆ కంప్యూటర్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్ ఏదైనా కొట్టి ఉంటే వేరే మెషిన్ నుంచి మార్చుకోవాలి.


నంబర్లమనిషి:

అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దని నా మనవి. పాప్-అండర్ (చూస్తున్న పేజీ వెనకాల విండో తెరిచే యాడ్) నెట్‌వర్క్‌లలో చాలావాటికి యాడ్‌వేర్‌తో సంబంధం లేదు. సినిమా సైటో ఫైల్ షేరింగ్ సైటో తన పేజీలోనే కోడ్ పెట్టుకుంటుంది, చూసేవాడు ఎక్కడ నొక్కినా ఒక విండో తెరుచుకుంటుంది, అంతే. గేమ్స్, వీపీఎన్ అమ్మేవాళ్లకు అక్కడ నిజంగానే పని జరుగుతుంది. నేను వేయించాను, కొత్త యూజర్లు వచ్చారు, లెక్క కూడా సరిచూసుకున్నాను.

కోర్టులు ఎప్పుడూ పాప్-అప్‌లకు వ్యతిరేకంగానే ఉన్నాయన్నట్టు మాట్లాడటం కూడా సరికాదు. 1-800 కాంటాక్ట్స్ అనే కంపెనీ వెన్‌యూ అనే యాడ్‌వేర్ సంస్థ మీద కేసు వేస్తే 2005లో అమెరికా అప్పీలు కోర్టులో వెన్‌యూనే గెలిచింది.

పెద్ద ప్లాట్‌ఫామ్‌లలో ఒక్కో క్లిక్కు రేటు చిన్నవాళ్లు భరించలేకపోతున్నారు. చిన్న వ్యాపారం పెట్టుకున్న ప్రతివాడికీ "అటు పోవద్దు, ఇటు పోవద్దు" అని చెబితే వాళ్లు ఎక్కడికి పోవాలి? ఆ బాధతో అంటున్నాను.


పాతకాపు:

మీ బాధ న్యాయమైనదే. పాప్-అండర్, యాడ్‌వేర్ ఒకటి కాదన్నదీ నిజమే, నేను కలిపేసినట్టు అనిపిస్తే సరిచేసుకుంటాను. ఒకటి సైటు యజమాని తన పేజీలో చేసే పని, ఇంకొకటి మనిషి కంప్యూటర్‌లో దూరి చేసే పని. కానీ మాస్టారికి వచ్చింది రెండోదే, ఏజెంటే ఒప్పుకున్నాడు. మొదటిదైనా పిల్లల పాఠాలకు పనికొస్తుందని నేననుకోను. పాప్-అండర్ కోడ్ పెట్టుకునే సైట్లలో ఆ పక్కన తెరుచుకునే మిగతా విండోలు ఏవో మీకూ తెలుసు. బ్రౌజర్లు కూడా ఆ తలుపు మూస్తూ వస్తున్నాయి. విండోస్ ఎక్స్‌పీకి 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తోనే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు పాప్-అప్ బ్లాకర్ వచ్చింది. 2018 ఫిబ్రవరి 15 నుంచి క్రోమ్ బ్రౌజర్, బెటర్ యాడ్స్ అనే ప్రకటనల ప్రమాణాలను పదేపదే ఉల్లంఘించే సైట్లలో యాడ్స్‌ను మొత్తంగా ఆపేస్తోంది. ఆ ప్రమాణాలు జనం భరించలేరని గుర్తించిన వాటిలో పాప్-అప్ ఒకటి. అందుకే నమ్మకమైన సైట్లు ఎప్పుడో తప్పుకున్నాయి. మిగిలింది ఎవరో మీరే చూస్తున్నారు.

2005 తీర్పు గురించి: కోర్టు చూసింది ట్రేడ్‌మార్క్ చట్టం ఒక్కటే. ఒక సైటు అడ్రసును ఆధారం చేసుకుని పోటీవాళ్ల పాప్-అప్ చూపించడం ఆ చట్టం ప్రకారం ట్రేడ్‌మార్క్‌ను "వాడుకోవడం" కిందికి రాదని చెప్పింది. జనం కంప్యూటర్లలోకి సాఫ్ట్‌వేర్ ఎలా దిగుతోందన్నది ఆ తీర్పు తేల్చిన విషయం కాదు. దాని లెక్క వేరే చోట తేలింది. 2006 నవంబరులో జాంగో అనే యాడ్‌వేర్ కంపెనీతో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 30 లక్షల డాలర్లు కట్టించింది. కమిషన్ చెప్పిన ప్రకారం ఆ సాఫ్ట్‌వేర్ 7 కోట్లసార్లకు పైగా ఇన్‌స్టాల్ అయింది, 690 కోట్లకు పైగా పాప్-అప్‌లు చూపించింది. తీసేయడానికి వీల్లేకుండా కావాలనే కష్టతరం చేశారన్నది ఆరోపణల్లో ఒకటి. 2009లో ఆ కంపెనీ మూతపడింది. 690 కోట్ల విండోల్లో ప్రతిదాని మీదా ఎవరో ఒక ప్రకటనదారు పేరుంది. కంపెనీ మూతపడ్డా, చూసినవాళ్లకు గుర్తున్నవి ఆ పేర్లే.

ఇక ఖర్చు సంగతి. 41 అమ్మకాలకు ఇవ్వాల్సిన కమీషన్‌ను, కొత్త పిల్లాణ్ని చేర్పించిన తల్లిదండ్రుల ఫీజులో తగ్గింపుగా ఇస్తే ఎలా ఉంటుందో చూడమంటాను మాస్టారిని. ఇన్నాళ్లూ సైటు నడిచింది వాళ్ల నోటి మాట మీదే కదా. మీరన్నట్టు లెక్క సరిచూసుకునేవాళ్లకు ఇంకో పరీక్ష కూడా ఉంది: ఏ నెట్‌వర్క్‌నైనా పది రోజులు ఆపి, పది రోజులు వేసి చూడాలి. మొత్తం అమ్మకాల్లో తేడా రాకపోతే డ్యాష్‌బోర్డు ఏం చూపించినా లాభం లేదు. మాస్టారి తమ్ముడు ఎవరూ చెప్పకుండానే ఆ పరీక్ష చేశాడు, అతన్ని మెచ్చుకోవాలి.


లెక్కలపంతులు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పాతకాపు గారి జవాబు చదివిన రాత్రే ట్రయల్ ఆపేశాం. నిన్నంతా నేను, తమ్ముడు లాగ్ ముందే కూర్చున్నాం.

మొదట తీసిన అమ్మకం ఇలా ఉంది. రాత్రి 9 గంటల 14 నిమిషాల 6 సెకన్లకు సెర్చ్‌లో మా సైటు పేరే కొట్టి ఒకరు మొదటి పేజీకి వచ్చారు. ఆరో తరగతి పేజీ చూశారు, దశాంశాల నమూనా పాఠం నాలుగు నిమిషాలు విన్నారు. 9 గంటల 19 నిమిషాల 40 సెకన్లకు ఫీజుల పేజీ తెరిచారు. 42వ సెకనులో అదే కంప్యూటర్ నుంచి మళ్లీ మొదటి పేజీ, ఏజెంట్ కోడ్‌తో. ఆ రెండో విండోలో ఆపైన ఒక్క కదలిక కూడా లేదు. మొదటి విండోలోనే 9 గంటల 26 నిమిషాలకు డబ్బు కట్టారు. డ్యాష్‌బోర్డులో ఇది వాళ్లు తెచ్చిన అమ్మకం. నా పాఠం నాలుగు నిమిషాలు విని నిర్ణయించుకున్న మనిషిని వాళ్లు తెచ్చారట.

41లో 34 ఇలాంటివే. కోడ్ పడేముందే వాళ్లంతా సైటులో ఉన్నారు. కొన్నిటిలో తేడా ఒక్క సెకను. నలుగురైతే మా పాత విద్యార్థుల తల్లిదండ్రులు, ఏడో తరగతికి మళ్లీ కట్టినవాళ్లు. వాళ్ల పేర్లు చూడగానే నాకు కోపం ఆగలేదు. మూడేళ్లుగా నాతో ఫోన్‌లో మాట్లాడుతున్నవాళ్లు వాళ్లు.

ఆ లాగ్ మొత్తం, మీరు చెప్పిన మూడు షరతులు కలిపి ఏజెంట్‌కు పంపాను. సబ్-పబ్లిషర్ల పేర్లు చెప్పడం "కంపెనీ పాలసీకి విరుద్ధం" అని జవాబొచ్చింది. లాగ్ గురించి ఒక్క ముక్క లేదు. సంతకం పెట్టడం లేదని రాసేశాను.

ఆ అమ్మకు ముందే రాశాను. స్క్రూడ్రైవర్ గారి మాటలు కూడా జత చేశాను. ఆమె రెండు రోజులకు జవాబిచ్చారు. విండోలు మొదలైన రోజు తేదీతో ఒక ఉచిత స్క్రీన్ రికార్డర్ ఉందట. దాన్నీ, తెలియని రెండు ఎక్స్‌టెన్షన్లనూ తీసేశాక ఆగిపోయాయట. బాబు పాఠాలు మాన్పించలేదు. కానీ ఇకమీదట వాడు పాఠం వింటున్నంతసేపూ పక్కన కూర్చుంటానని రాశారు. అంతకుముందు ఆమె అలా కూర్చునేవారు కాదు, నా సైటు అంటే ధైర్యంగా వదిలేసేవారు. ఆ వాక్యం చాలాసార్లు చదివాను.

ఒక్క సందేహం మిగిలింది పాతకాపు గారూ. 41లో మిగిలిన ఏడుగురి విషయంలో లాగ్‌లో ముందు జాడ ఏమీ లేదు, నేరుగా కోడ్‌తోనే వచ్చారు. వాటికి కమీషన్ ఇవ్వాలా? ఒప్పుకున్న మాట తప్పడం నాకిష్టం లేదు.


పాతకాపు:

ఆ ఏడుగురు ఏ సాఫ్ట్‌వేర్ నుంచి, ఏ విండోలోంచి వచ్చారో రాతపూర్వకంగా చెప్పమని అడగండి మాస్టారూ. చెప్పి, అది సవ్యమైన చోటైతే ఇచ్చేయండి. ఫోన్‌లో చెబుతానంటే వద్దనండి, మెయిల్‌లోనే చెప్పమనండి. ఈలోపు ఆ ఏడుగురికీ మీరే ఫోన్ చేసి, మా గురించి మీకెలా తెలిసిందండీ అని మామూలుగా అడగండి. కొందరు ముందు ఫోన్‌లో చూసి తర్వాత కంప్యూటర్‌లో కట్టి ఉంటారు, అది ఏ లాగ్‌లోనూ దొరకదు. ఏం చెప్పారో ఇక్కడ రాయండి, నేను చూస్తూ ఉంటాను.